డాక్టరమ్మ తెరిపించిన చిన్న గేటు

డాక్టరమ్మ పోయిందన్న కబురు వచ్చేటప్పటికి నేను బడిలో ప్రార్థన చేయిస్తున్నాను. ఆరోగ్య కేంద్రం నర్సు ఫోన్ చేసింది. "మేడమ్, మన డాక్టరమ్మ ఇంగ లేదంట. కర్నూలు ఆస్పత్రిలో పోయిందంట. గుండె," అంది. నేను "సరే" అన్నాను. అట్లాంటి మాటకు సరే అని ఎవరైనా అంటారా? అన్నాను. ఫోన్ పెట్టేసి, మూడో తరగతి పిల్లల వరస వంకరగా ఉంటే సరిచేశాను. ప్రతిజ్ఞ చెప్పించాను. తర్వాత ఆఫీసు గదిలోకి పోయి మధ్యాహ్న భోజనానికి కూరగాయలు వచ్చాయా అని కనుక్కున్నాను. వచ్చాయన్నారు.

ఇది రాసే పూటకు కూడా నాకు ఏడుపు రాలేదు. పన్ను పీకే ముందు సూది వేస్తే దవడ మొద్దుబారుతుంది చూడండి, చేత్తో తడుముకుంటే దవడ ఉంటుంది గానీ అది మనది కాదనిపిస్తుంది. అట్లా ఉంది. అన్నం తింటున్నాను, పాఠం చెబుతున్నాను, ఎవరైనా ఆమె గురించి మాట్లాడితే తల ఊపుతున్నాను. నివాళి రాసేవాళ్ళు గుండె బరువెక్కిందని రాస్తారు. నాకు బరువూ లేదు, తేలికా లేదు. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పుకుపోతాను. చదివేవాళ్ళు సర్దుకోండి.

అంత్యక్రియలు ఆమె సొంతూరు బనగానపల్లెలో జరిగాయి. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు, తమ్ముడి కొడుకులే అన్నీ చూసుకున్నారు. మా ఊరి నుంచి బస్సు కట్టుకుని పోయాం. ఆమెను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. ఆచారం ప్రకారం కాళ్ళ బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టారు. ఊరంతా ఎన్నడూ ఒకచోట నిలవని మనిషిగా ఎరిగిన ఆమె కాళ్ళను అట్లా చూస్తే నాకు ఏదో ఒకటి అవుతుందని, పక్కన ఉన్న స్తంభాన్ని ముందే పట్టుకున్నాను. ఏమీ కాలేదు. స్తంభం మీద చెయ్యి తీసి, దండం పెట్టి, ఇవతలికి వచ్చేశాను.

మా ఊరు తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. ఎర్రగుంట్లకు పోయే రోడ్డు మీద ఉంటుంది. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాయి గనులు. రోడ్డు మీద ఎప్పుడు చూసినా లారీలే. రోడ్డుకు ఈ చివర మగ్గాల వీధులు, వాటిని ఆనుకుని నేను హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్న మున్సిపల్ బడి. ఆ చివర ఆరోగ్య కేంద్రం, తాగే నీళ్ళ ప్లాంటు, కూరగాయల మార్కెట్టు. ఈ చివరి నుంచి ఆ చివరికి పోవాలంటే లారీల రోడ్డే గతి. అడ్డంగా పోతే చాలా దగ్గర. కానీ అడ్డంగా మా బడి గోడ, గోడ వెనక మురికి కాలువ, కాలువ అవతల మసీదు వాళ్ళ ఖాళీ జాగా. గోడ విద్యాశాఖది, కాలువ మున్సిపాలిటీది, జాగా మసీదుది. మూడూ దాటి నడిచే దోవ వేయాలన్న ఆలోచన మా ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళెవరికీ రాలేదు. బనగానపల్లె నుంచి ఉద్యోగానికి వచ్చి, రిటైరయ్యాక కూడా మా ఊళ్ళోనే ఉండిపోయిన డాక్టరమ్మకు వచ్చింది.

ఆమె షుగరు, బీపీ, మోకాళ్ళు చూసే డాక్టరు. మగ్గాల వీధుల్లో ఈ మూడింట్లో ఒకటన్నా లేని ఆడమనిషి దొరకదు. పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా కూర్చునే పని. మగవాళ్ళు మగ్గం గుంటలో, ఆడవాళ్ళు రాట్నం ముందర. మా అత్త కూడా అంతే. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ నూలు కండెలు చుడుతూనే ఉంది. డాక్టరమ్మ ప్రతి చీటీ మీదా మాత్రల పేర్ల కింద తెలుగులో "నడక" అని రాసి రెండు గీతలు గీసేది. వీళ్ళు చీటీ తీసుకుని, "అట్లనే డాక్టరమ్మా" అని, ఆటో ఎక్కి ఇంటికి వచ్చేవాళ్ళు. మాత్రలు మింగేవాళ్ళు. కింది మాటను మాత్రం ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

ఒకరోజు డాక్టరమ్మ కారు చెడిపోయింది. ఆటో కోసం చూడకుండా, మగ్గాల వీధిలో తనుండే ఇంటి నుంచి ఆరోగ్య కేంద్రానికి నడిచి బయలుదేరింది. మా వైపు ఒక అలవాటు ఉంది. దోవన పోయే మనిషిని, తెలిసినవాళ్ళయితే, గడపలో కూర్చున్న ప్రతి ఒక్కరూ "యాడికి?" అని అడగాలి. అడగకపోతే మర్యాద కాదు. అడిగించుకున్నవాళ్ళు జవాబు చెప్పాలి. డాక్టరమ్మ వీధి దాటేలోగా అందరూ అడిగారు. "ఊరికే నడుస్తాండా" అంది ఆమె. డాక్టరు ఊరికే నడవడం ఏమిటి? ఎవరికో ప్రాణం మీదికి వచ్చింది, మనకు చెప్పడం లేదు అనుకున్నారు. ఆమె వీధి చివరికి పోయేసరికి ఆమె వెనక జనం. వాళ్ళలో ఒకావిడ అప్పటికే ఏడుపు మొదలుపెట్టింది, ఎవరి కోసమో తనకే తెలియకుండా. రోడ్డెక్కాక ఒక లారీ పక్కనుంచి పోయిన ఊపుకు డాక్టరమ్మ చీర చెంగు ఎగిరి ముఖం మీద పడింది, ఆమె పోయి రోడ్డు పక్క కాలువ గట్టు మీద కూలబడింది. ఆస్పత్రికి చేరేటప్పటికి నెత్తి మీద సిమెంటు దుమ్ము.

ఈ సంగతి నాకు ఆమే చెప్పింది, నవ్వుతూ. "ఇన్నాళ్ళూ నడవండి నడవండి అని రాసినా గదమ్మా, యాడ నడవల్లో రాయలేదు సూడు," అంది.

ఆమె మొదట చేసిన పని తప్పింది. అది కూడా చెప్పాలి, ఎందుకంటే సంతాప సభలో ఆమె చేసినవన్నీ ఒప్పులే అన్నట్టు మాట్లాడారు. మున్సిపాలిటీని పట్టుకుని, పెద్ద పార్కులో చుట్టూ టైల్సు వేయించి నడిచే దారి పెట్టించింది. రిబ్బను కత్తిరించారు, ఫోటోలు దిగారు. ఆ దారిలో ఆఫీసర్లు నడిచారు, రిటైరైన మగవాళ్ళు నడిచారు, షూస్ వేసుకుని చేతులు ఊపుకుంటూ. మగ్గాల వీధి నుంచి ఒక్క ఆడమనిషి పోలేదు. డాక్టరమ్మ మా ఇంటికి వచ్చి మా అత్తను నిలదీసింది. అత్త రాట్నం ఆపలేదు.

"యాడికి పోతాండావు అని అడిగితే ఏం చెప్పల్ల డాక్టరమ్మా? పార్కులో చుట్టూ తిరిగేకి పోతాండా అని చెప్పల్లనా? ఇంట్లో పనిలేదా ఈమెకు అనుకోరూ?" అంది.

అత్త ఇచ్చిన టీ తాగి, చక్కెర ఎక్కువ వేసినందుకు అత్తనే తిట్టి, డాక్టరమ్మ వెళ్ళిపోయింది. మరుసటి రోజు నుంచి పార్కు మాట ఎత్తలేదు. పని ఉన్నచోటికే దోవ పోవాలి అనడం మొదలుపెట్టింది. వ్యాయామం అనే మాట మానేసింది. "పని మీద పోయి రాండి, కాళ్ళకు తెలియకుండానే నడక అయిపోవల్ల," అనేది. నీళ్ళ ప్లాంటుకు పోయే పని ఉంది, మార్కెట్టుకు పోయే పని ఉంది, ఆమె దగ్గరికి మాత్రలకు వచ్చే పని ఉంది. లేనిదల్లా దోవ.

ఇక అక్కడి నుంచి ఆమె ఆఫీసుల వెంట పడింది. పడింది అంటే అర్జీలు పట్టుకుని తిరిగింది అనుకోకండి. ఆమెకు కుర్చీల్లో కూర్చుని జరిగే మీటింగులంటే పడదు. బిస్కెట్లు, టీ, "పరిశీలిస్తాం" అనే మాట, ఈ మూడూ కలిసి వస్తాయని ఆమె అనుభవం. అందుకని మున్సిపల్ చైర్మన్నూ, ఇంజనీరునూ, సిమెంటు కంపెనీ ఆఫీసరునూ, మసీదు పెద్దనూ, నన్నూ ఒకపూట మగ్గాల వీధి మొదట్లోకి రమ్మంది. మంచి ఎండ. అందరూ వాళ్ళ వాళ్ళ బండ్లలో వచ్చారు. "బండ్లు ఈడనే పెట్టండప్పా. మాట్లాడుకుంటా ఆస్పత్రి దాకా పోదాం. ఆడ మజ్జిగ పెట్టించినా," అంది.

ఆమె మాట కాదనలేక నడిచారు. వాళ్ళందరి ఇళ్ళల్లోనూ ఎవరో ఒకరికి ఆమె వైద్యం చేసి ఉంటుంది. మేము ముందు, మా వెనక మెల్లగా జీపులు, జీపుల వెనక లారీల హారన్లు. చైర్మన్ తెల్లబట్టలు కాసేపటికే బూడిద రంగుకు తిరిగాయి. ఇంజనీరు లారీకి జడిసి రెండుసార్లు రోడ్డు పక్క కాలువ గట్టెక్కాడు. డాక్టరమ్మ మాత్రం ఒక్క విన్నపం చేయలేదు. ఏ ఇంట్లో ఎవరికి ఏ జబ్బో, ఎవరు రోడ్డు దాటలేక మందులు మానేశారో చెబుతూ నడిచింది. మధ్యలో ఇంజనీరు ఆగి, "బడి వెనక కాలువ మీద బండలు పరిస్తే అడ్డంగానే పోవచ్చు గదా మేడమ్?" అన్నాడు, అది తనకే తట్టినట్టు. "ఎంత బాగా చెప్పినావు నాయనా!" అంది డాక్టరమ్మ. నేను నవ్వాపుకోవడానికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

మజ్జిగ తాగేలోపల అన్నీ తేలిపోయాయి. కాలువ మీద మూత మున్సిపాలిటీ వేస్తుంది. కంపెనీ దీపాల స్తంభాలు, కానుగ మొక్కలు ఇస్తుంది. మసీదు పెద్ద మాత్రం ఒక షరతు పెట్టాడు. "దోవకు జాగా ఇస్తాం బీబీ. కానీ నమాజు వేళకు ఆ దోవన మోటరు సైకిళ్ళు సప్పుడు చేసుకుంటా పోగూడదు." డాక్టరమ్మ వెంటనే ఒప్పుకుంది. "ఒక్క బండి కూడా పోకుండా గేటు కట్టిస్తా సాబ్. మనుషులకే."

మిగిలింది మా బడి గోడ. నేను కుదరదన్నాను. బడి గ్రౌండు బడిదే. దోవ పెడితే పొద్దుగూకినాక తాగేవాళ్ళు చేరతారు, కుళాయిలు విరుగుతాయి, రేపు ఏదైనా జరిగితే పై అధికారులు అడిగేది నన్ను. నేను అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఇప్పటికీ అదే అంటాను. డాక్టరమ్మ కూడా తప్పనలేదు. "ఆ భయం న్యాయమైందే. పూచీ నాది," అంది. ఆ మాట మీద పై ఆఫీసు నుంచి అనుమతి కూడా ఆమే తెచ్చింది. గేటు పెట్టిన కొత్తలో రోజూ సాయంత్రం వచ్చి, గోడ పక్క నాపరాయి మీద కూర్చునేది. చేతిలో గొడుగు. ఎవరైనా సీసాతో వస్తే "ఏమప్పా, నీ లివరు ఎట్లుండాది?" అని పలకరించేది. ఆ ఒక్క ప్రశ్నకు ఎంతటివాడైనా ఆ పక్కకు మళ్ళీ వచ్చేవాడు కాదు.

గేటు కొలత గురించి చెప్పకపోతే ఆమె గురించి సగమే చెప్పినట్టు. వెనక గోడకు సందు కొట్టించి, రెండు ఇనప స్తంభాల నడుమ మలుపు తిరిగి పోయేట్టు పెట్టించింది. మోటరు సైకిలు హ్యాండిలు పట్టకూడదు. చంకలో నీళ్ళ డబ్బా పెట్టుకున్న ఆడమనిషి గోడకు రాసుకోకుండా పోవాలి. నిండు చూలాలు పోవాలి. వీల్‌చైరు కూడా మెల్లగా తిరగాలి. స్తంభాలకు సిమెంటు పోసే ముందు వీళ్ళందరినీ పిలిపించి నడిపించింది. చివరికి ఇంజనీరును పిలిచింది. ఆయన కాస్త పొట్ట ఉన్న మనిషి. "నువ్వు పట్టినావంటే ఊరంతా పట్టినట్లే నాయనా, రా," అంది. ఆయన ఊపిరి బిగబట్టి దూరబోతే, "ఊపిరి వదిలి నడువు, మోసం చెయ్యద్దు," అని కేకలేసింది. ఆయన వదిలాడు, పట్టాడు. పనివాళ్ళు చప్పట్లు కొట్టారు.

దోవ పొడవునా కూర్చోవడానికి నాపబండలు వేయించింది. మోకాళ్ళ నొప్పులవాళ్ళు మధ్యలో కూర్చోలేకపోతే అసలు బయలుదేరరు అనేది. మొదట్లో ఆడవాళ్ళు అందరూ నీళ్ళ డబ్బాలతోనే వచ్చారు. ఇంట్లో నీళ్ళ మిషను ఉన్నవాళ్ళు కూడా ఖాళీ డబ్బా పట్టుకుని వచ్చేవాళ్ళు. "యాడికి?" అంటే "నీళ్ళకు" అని చెప్పడానికి. ఖాళీ డబ్బాలను మసీదు గోడ కింద వరసగా పెట్టి, దోవన పైకీ కిందికీ తిరిగి, పోయేటప్పుడు మళ్ళీ తీసుకుని పోయేవాళ్ళు. మసీదు పెద్ద ఆ డబ్బాలు చూసి ఒకరోజు డాక్టరమ్మను అడిగాడట, ఇవన్నీ ఎవరు మరిచిపోయినారని. "మరిచిపోలేదు సాబ్, అవి వాళ్ళ సెలవు చీటీలు," అందట ఆమె. పోనుపోనూ డబ్బాలు తగ్గాయి. "యాడికి?" అంటే "గేటు దాకా" అనడం మొదలైంది. ఇప్పుడు మా వీధిలో అది సరిపోయే జవాబు.

మా అత్త కూడా పోయేది. ముందు నాతో, తర్వాత నేను లేకుండా, తర్వాత నేను రమ్మన్నా నాతో కాకుండా తన జత ఆడవాళ్ళతో. షుగరు అదుపులోకి వచ్చింది, కాళ్ళ తిమ్మిర్లు తగ్గాయి. అంతకంటే నేను చూసింది, సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు ఆమె ముఖం. ఎవరి కోడలు ఏమందో, కాలువ పక్క ఏ కుక్క ఈనిందో, అన్నీ చెప్పుకుంటూ వచ్చేది. అంతకు ముందు ఆ ఇంట్లో రాట్నం చప్పుడు తప్ప ఆమె గొంతు నేను పెద్దగా వినలేదు.

మామిడికాయల కాలంలో డాక్టరమ్మ వాళ్ళ ఊరి నుంచి బుట్టలు తెప్పించి, షుగరు ఉన్నవాళ్ళకే పంచేది. ఇదేం డాక్టరమ్మా అంటే, "నేను వద్దంటే మీరు తినరా? దొంగగా తింటారు. నా ముందర ఒక బద్ద తిని, గేటు దాకా పోయి రాండి," అనేది. చెప్పిందానికంటే ఒక బద్ద ఎక్కువ తిన్నవాళ్ళు కూడా గేటు దాకా పోయే వచ్చారు. ఆమె నాపబండ మీద కూర్చుని టెంక చీకుతూ చూసేది. ఆమెకూ షుగరు ఉందని మాకు ఆమె పోయిన తర్వాతే తెలిసింది.

ఇక జరిగినదానికి వస్తాను.

మేము బనగానపల్లె నుంచి తిరిగి వచ్చేసరికి గేటుకు ఫ్లెక్సీ కట్టి ఉంది. పైన "కన్నీటి నివాళి", నడుమ డాక్టరమ్మ బొమ్మ, ఆమె చుట్టూ నివాళి అర్పించేవాళ్ళ బొమ్మలు. వాళ్ళ ముఖాలన్నీ కలిపితే ఆమె ముఖం కంటే పెద్దవి. రెండు స్తంభాలకు పైనా కిందా వైరుతో బిగించి కట్టారు. కింద దీపం, పూలు. మర్యాదకే చేశారు. ఆమె అంటే ప్రాణం పెట్టేవాళ్ళే చేశారు. మా వైపు ఎవరైనా పెద్దవాళ్ళు పోతే, వాళ్ళు ఎక్కువగా తిరిగిన చోట ఫ్లెక్సీ కట్టడం ఆనవాయితీ. ఆమె ఎక్కువగా తిరిగిన చోటు ఆ గేటే. కాబట్టి గేటు మూసుకుపోయింది.

మగ్గాల వీధి ఆడవాళ్ళు వచ్చారు, దండం పెట్టుకున్నారు, వెనక్కి తిరిగి లారీల రోడ్డు మీదుగా పోయారు. పోయిన మనిషి బొమ్మను పక్కకు నెట్టి ఎట్లా పోతారు? నేను చూస్తూ నిలబడ్డాను. కోపం కూడా రాలేదు.

సంతాప సభ మా బడిలోనే పెట్టారు. రెండు నిమిషాలు మౌనం పాటించాం. ఆ తర్వాత చైర్మన్ లేచి, డాక్టరమ్మ విగ్రహం పెడదాం అన్నాడు. చప్పట్లు. సిమెంటు మేమిస్తాం అన్నాడు కంపెనీ ఆఫీసరు. మళ్ళీ చప్పట్లు. "యాడ పెడదాం?" అని ఎవరో అంటే, "ఇంకెక్కడ? గేటు నడుమనే. చుట్టూ గ్రిల్సు వేయిద్దాం," అన్నాడు చైర్మన్.

నేను లేచాను. లేవాలని అనుకోలేదు, కాళ్ళు లేచాయి. "గేటు నడుమ విగ్రహం పెడితే మనుషులు యాడ పోతారు సార్?" అన్నాను.

"గోడ ఇంకోచోట కొట్టిద్దాం లేమ్మా, ఎప్పుడన్నా," అన్నాడు.

"ఆ ఎప్పుడన్నా అనేది రాదు సార్. మీకూ తెలుసు. నాకూ తెలుసు."

"పెద్దామెకు ఇంత మర్యాద చేస్తాంటే నువ్వు అడ్డం చెప్తాండావేందమ్మా? మొదట ఆ గేటు వద్దనిందీ నువ్వే గదా?"

అందరూ నా వైపు చూశారు. సిగ్గు పడాల్సిన చోటది. నాకు అది కూడా తగల్లేదు. "వద్దనింది నేనే సార్. ఇప్పుడు మూయద్దు అంటాండేది కూడా నేనే," అన్నాను. మసీదు పెద్ద మెల్లగా గొంతు సవరించుకుని, "మేం జాగా ఇచ్చింది నడిచేదానికి బాబూ," అన్నాడు. చైర్మన్ విగ్రహం సంగతి తర్వాత చూద్దాం, దినాలు అయ్యేదాకా ఫ్లెక్సీ ఉండనీ అన్నాడు. టీ వచ్చింది. బిస్కెట్లు వచ్చాయి.

ఆ సాయంత్రం మా అత్త లారీల రోడ్డు మీద పోయి వచ్చింది. లోపలికి రావడమే గోడ పట్టుకుని వచ్చింది. చీర ఒక పక్కంతా దుమ్ము. ఏమైందని అడిగితే, "ఏం కాలేదు. లారీ. గాలికే పడినా," అంది. మోచెయ్యి గీరుకుపోయింది. నేను కడిగి మందు రాశాను. ఆమె పోయి రాట్నం ముందర కూర్చుని, "ఇంగ పోను. నడకా వద్దు, ఏమీ వద్దు. ఆమె ఉన్నన్నాళ్ళు పోయినా, సాలు," అంది. రాట్నం తిరగడం మొదలుపెట్టింది. నేను వంటింట్లోకి పోయి బియ్యం కడిగాను.

చదివేవాళ్ళలో ఆ విగ్రహానికి చందా ఇద్దామనుకునేవాళ్ళు ఉంటారు. వద్దని చెప్పను. ఇచ్చే ముందు మా ఊరికి ఒకసారి రండి. మగ్గాల వీధి నుంచి ఆరోగ్య కేంద్రానికి రోడ్డు మీద ఒకసారి, మా దోవన ఒకసారి నడవండి. ఆ తర్వాత మీ ఇష్టం. గేటు నడుమ విగ్రహం సంగతి ఇంకా తేలలేదు, తేలేదాకా నేను వద్దనే అంటాను. ఆ గేటుకు పూచీ ఎవరిదని అడిగితే ఇప్పుడు నాదే. పై ఆఫీసుకు ఆ ముక్క చెప్పేశాను.

అత్త పడిన మరుసటి పొద్దున బడి వేళకు ముందే గేటు దగ్గరికి పోయాను. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు అత్తతో, "నేను గేటు దగ్గర ఉంటాను, రా," అని మాత్రం చెప్పాను. ఆమె రాట్నం తిప్పుతూనే ఉంది. దీపాన్ని, పూలను తీసి గోడ మీద పెట్టాను. ఫ్లెక్సీ కింది వైర్లు ఎట్లాగో విప్పాను. పైవి రాలేదు, కటింగ్ ప్లేయరుతో మెలిపెట్టి కట్టారు, నాకు అందలేదు. సంచిలో కత్తెర ఉంది. కోయడానికి చెయ్యి రాలేదు, ఆమె ముఖం మీదుగా కోయాలి. ఏం చేయాలో తోచక, ఫ్లెక్సీ కింది అంచును రెండు చేతులతో పట్టుకుని నెత్తి మీదికి ఎత్తి నిలబడ్డాను. ఫ్లెక్సీ అంత బరువు ఉంటుందని నాకు తెలియదు.

మొదట ఒకావిడ వచ్చింది. ఆగింది. నా ముఖం చూసింది. తల వంచి, నా చెయ్యి కింద నుంచి దూరి పోయింది. ఆమె వెనక ఇంకొకరు. ఆ తర్వాత కాన్పు దగ్గర పడ్డ పిల్ల ఒకతి, నడుం మీద చెయ్యి వేసుకుని, మెల్లగా. ఒక్కొక్కరూ వంగేటప్పుడు చేత్తో ఫ్లెక్సీని తాకి, ఆ చేతిని కళ్ళకద్దుకుని పోతున్నారు. నేను ఎత్తి పట్టుకునే ఉన్నాను.

చివరికి అత్త వచ్చింది. మోచేతికి నేను కట్టిన గుడ్డ అట్లానే ఉంది. వంగి, అవతలికి పోయి, నిలబడి వెనక్కి తిరిగి చూసింది.

"ఏమ్మే, చేతులు నొయ్యవా?" అంది.

నొస్తున్నాయి. భుజాల దాకా లాగుతున్నాయి. ఆ నొప్పి మాత్రం నాదే.

"నొస్తాండాయి అత్తా," అన్నాను. "నువ్వు పో. ఎనక ఇంకా వస్తాండారు."

చేతులు ఇంకొంచెం పైకెత్తాను.